నాలుగు చుట్ల దారి

పళ్ళక్క సముద్రం అంది. ఈత మాస్టారు కుదరదన్నాడు. పోయినవారం వాళ్ళిద్దర్నీ ఈతకొలను గట్టు మీద, సరిగ్గా ఆ మాట దగ్గరే వదిలేసి వచ్చాం. ఆవిడ తల తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన మెడలో ఈల వేలాడుతుండగా అలాగే నిలబడిపోయాడు.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పళ్ళక్క అంటే పళ్ళు అమ్మే ఆవిడ కాదు. కొలను కాపలాదారు కూడా మొదట్లో అలాగే పొరపడి, బాగా మాగినవి ఉంటే నాలుగు పక్కన పెట్టమని అడిగాడు. ఆవిడ పని దంతాల ల్యాబ్‌లో. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఊడిన చోట కొత్త పళ్ళు కట్టి పంపుతుంది. నలభై అయిదు దాటిన మనిషి. భర్తతో విడిపోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. నడుము నొప్పికి ఈత మంచిదని ఎవరో అంటే, నీళ్ళంటే చచ్చేంత భయం ఉన్నా కొలనులో దిగింది. భయం తగ్గాక సైకిలు కొంది. ఆ తర్వాత పరుగు. ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన చిన్న ట్రయథ్లాన్లు ఒకటి రెండు పూర్తి చేసింది. ఇప్పుడు పెద్దదాని మీద కన్నేసింది. నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత, నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన మారథాన్ పరుగు, అన్నీ ఒకే రోజున.

ఆ ఏడాది ఆవిడకి అందుబాటులో ఉన్న పోటీలు రెండే. ఒకటి సముద్రంలో మొదలై, కొండల మీదుగా వెళ్ళి, ఇంకో ఊళ్ళో ముగుస్తుంది. రెండోది సరస్సు దగ్గర. మొదలుపెట్టిన చోటికే తిరిగి తిరిగి వస్తూ అక్కడే ముగుస్తుంది. పేర్లు ఇవ్వడానికి గడువు దగ్గరపడింది. మొదటిసారి పెద్ద పోటీకి వెళ్ళేవాళ్ళెవరైనా కళ్ళు మూసుకుని సరస్సు అంటారు. పళ్ళక్క సముద్రం అంది.

మర్నాడు ల్యాబ్‌లో కూర్చుంది గానీ చెయ్యి సాగలేదు. ల్యాబ్ అంటే ఒకటే గది. కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల మీద దుమ్ము లాగే గొట్టం, మైనం కరిగించే చిన్న మంట, వరసగా ప్లాస్టర్ దవడలు. ఒకప్పుడు ముగ్గురు పనిచేసేవాళ్ళు. ఇద్దరు మానేశారు, వాళ్ళ చోటికి ఓ యంత్రం వచ్చింది. యంత్రం గుయ్యిమంటుందే తప్ప అన్నం తిన్నావా అని అడగదు. ఆ రోజు చేతిలో ఉన్నది ఎవరో పెద్దావిడ పై పళ్ళ సెట్టు. ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కినట్టు ఉండాలని డాక్టరు చెప్పి పంపాడు. అసలు పళ్ళు అలాగే ఉండేవట. ఆ వంకర కుదరడానికి పొద్దంతా పట్టింది. రేపెప్పుడో ఒక ఇంట్లో ఆవిడ నవ్వితే, అమ్మ మళ్ళీ అమ్మలా ఉందని పిల్లలు అనుకుంటారు. ఆ నవ్వు మాత్రం పళ్ళక్క చూడదు. ఇన్నేళ్ళలో ఎందరి నోళ్ళు నింపిందో. ఒక్కరి మొహమూ తెలియదు.

సాయంత్రం కొలనుకి వెళ్ళేసరికి మాస్టారు పంపు గది పక్కనున్న తన గదిలో కుర్చీ వేసి ఉంచాడు. గదంతా క్లోరిన్ వాసన.

"కూర్చో అమ్మా. నిన్న నువ్వెళ్ళిపోయావు గానీ నా మాట అవలేదు."

"చెప్పండి మాస్టారూ."

"నేను చెప్పడం కాదు, నువ్వు చెప్పు. సముద్రం ఎందుకు? నాకు నచ్చే కారణం ఒక్కటి చెప్పు, నేనే దగ్గరుండి నీ పేరు ఇప్పిస్తాను."

"ఉప్పునీళ్ళలో మనిషి తేలిగ్గా తేలతాడని మీరే అన్నారు."

"అన్నాను. తేలతాడు. అలొచ్చి మూతి మీద కొట్టినప్పుడు కూడా తేలుతూనే ఉంటాడు, కాకపోతే సగం సముద్రం కడుపులో ఉంటుంది. తల పైకెత్తితే దారికి గుర్తుగా తేలగట్టిన బుడగ కనబడదు. అడ్డంగా లాగే నీళ్ళలో నువ్వు తిన్నగా ఈదుతున్నాననుకుంటావు, అది నిన్ను పక్క ఊరికి తీసుకుపోతుంది. సరే, ఈత అయిందనుకుందాం. సైకిలు?"

"ఎత్తు ఎక్కడం నాకు అలవాటేనండీ."

"నీకు అలవాటైంది రైలు పట్టాల మీది వంతెన. అక్కడుండేది కొండ. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. పక్కగాలి కొడుతుంటే బ్రేకుల మీద చేతులు కొయ్యబారిపోతాయి. పైగా ఒంటరి రోడ్డు. ట్యూబు పగిలితే నువ్వూ, నీ పంపూ, దేవుడూ."

ఆవిడ నవ్వలేదు. మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"సరస్సు సంగతి విను. అలల్లేవు. బుడగ నుంచి బుడగకి తాడు కట్టి ఉంటుంది, దిక్కు తప్పవు. రోడ్డు చదును. ఒకే దారి నాలుగుసార్లు తిరగాలి, మొదటి చుట్టులో గుంత ఎక్కడుందో చూసుకుంటే మిగతా మూడు చుట్లూ తప్పించుకోవచ్చు. నీళ్ళు, తిండి అడుగడుగునా ఇస్తారు. పోటీ పూర్తి చెయ్యడానికిచ్చే గడువు కూడా మిగతా చోట్లకన్నా ఎక్కువ. నీలాంటి నిదానం మనుషుల కోసమే పెట్టారా అన్నట్టు ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద సుఖం ఏంటో తెలుసా? చుట్టు తిరిగిన ప్రతిసారీ మనవాళ్ళు కనిపిస్తారు. కాళ్ళు ఇంక రామన్నప్పుడు కూడా, వచ్చే మలుపులో మనవాళ్ళుంటారని మనిషి పరిగెడతాడు."

"మనవాళ్ళంటే ఎవరండీ?" అంది పళ్ళక్క.

ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"పోయినసారి చిన్న పోటీకి వెళ్ళాను చూడండి, అదీ చుట్ల దారే. మలుపులో జనం. అట్టల మీద పేర్లు రాసుకుని పట్టుకున్నారు. నేను వస్తుంటే ఒక కుటుంబం, తాతగారి దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా, ఒక్కసారిగా చప్పట్లు మొదలుపెట్టారు. నా ఒళ్ళు జల్లుమంది. దగ్గరికొచ్చాక చూసి, తమ మనిషి కాదని తెలిసి, చేతులు దించేశారు. వాళ్ళ తప్పేం లేదు. టోపీ రంగు ఒకటే, అంతే. కానీ రెండో చుట్టులో మళ్ళీ అదే మలుపు తిరగాల్సొచ్చింది. ఈసారి వాళ్ళు నన్ను గుర్తుపట్టి, చూడనట్టు పక్కకి చూశారు." ఆవిడ ఒళ్ళో ఉన్న తువ్వాలు మడతపెట్టి మళ్ళీ విప్పింది. "ఈ పోటీలో సైకిలు మీద నాలుగుసార్లు, పరుగులో నాలుగుసార్లు. సముద్రం దారిలో ఎవరూ ఉండరు. ఎవరికీ ఎవరూ ఉండరు. అక్కడ నేనూ అందరిలాగే ఉంటాను."

పంపు గదిలో మోటారు ఆగింది. మాస్టారికి ఓదార్చడం రాదు. నీళ్ళలో మునిగేవాణ్ణి జుట్టు పట్టి లాగడం వచ్చు.

"అదొక్కటేనా?" అన్నాడు.

"ఇంకోటుంది. నా ఆడపడుచు ఉండేది ఆ సరస్సున్న ఊళ్ళోనే."

"గొడవా?"

"గొడవైనా బాగుండేదండీ. తిట్టుకున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ మాట్లాడుకుంటారు. మాకు ఏమీ అవలేదు. నేను కాపురానికి వెళ్ళేనాటికి అది పరికిణీల పిల్ల. ఎప్పుడూ నీళ్ళల్లోనే ఉండేదని వాళ్ళన్నయ్య చేప అనేవాడు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నా జడ అది వేసేది, దాని పరీక్షల భయం నేను పడేదాన్ని. ఎప్పటికైనా ఇద్దరం కలిసి ఈ పెద్ద పోటీ చేద్దామని నా ప్రాణం తీసేది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడడానికే నాకు వణుకు. సరే, ఆయనకీ నాకూ పడలేదు, విడిపోయాం. కోర్టువాళ్ళు మా ఇద్దరికీ విడాకులిచ్చారు. దాంతోపాటు ఆ పిల్ల కూడా నాకు దూరమైంది. దూరమైందని ఎవరూ చెప్పలేదు, నాకు నేనే ఆర్నెల్లకి తెలుసుకున్నాను." తువ్వాలు మళ్ళీ మడతపెట్టింది. "ఆ ఊళ్ళో ఎదురుపడితే నన్ను ఏమని పిలుస్తుంది చెప్పండి? వదిన అని పిలవడానికి నేను వదిన్ని కాను. పేరు పెట్టి పిలిచిందనుకోండి, నేను తట్టుకోలేను."

మాస్టారు లేచి ఈల తీసి గోడ మేకుకి తగిలించాడు.

"ఆదివారం పొద్దున్న నా కారులో సరస్సుకి వెళ్దాం. అక్కడి ఈత సంఘంవాళ్ళు ఆదివారాలు తాళ్ళూ బుడగలూ వేసి ఉంచుతారు, కాపలాకి పడవ కూడా తిప్పుతారు. ఒక్క చుట్టు ఈదు. బయటికొచ్చి అప్పుడు కూడా సముద్రమే అన్నావనుకో, నేను నోరు మూసుకుంటాను."

ఆవిడ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో ఆవిడకే సరిగ్గా తెలియదు. ఆదివారాలు ఎటూ ఇంట్లో సైకిలు గోడకి ఆనించి, దాన్ని చూస్తూ తినడమే కదా.

సరస్సు మీద ఇంకా మంచు వదల్లేదు. నారింజ రంగు బుడగలు దగ్గరివి మూడో నాలుగో కనిపిస్తున్నాయి, మిగతావి తెల్లదనంలో కలిసిపోయాయి. ఒడ్డున ఓ పదిమంది నవ్వుకుంటూ ఒకరి రబ్బరు సూటుకి ఒకరు వెనక జిప్పు లాగుకుంటున్నారు. పళ్ళక్క జిప్పుకి తాడు కట్టి తెచ్చుకుంది. దాన్ని భుజం మీదుగా పట్టుకుని తనే లాక్కుంది. మాస్టారు మోకాళ్ళ నొప్పితో మెట్ల మీదే కూర్చుండిపోయి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు.

మొదటి రెండు బుడగలూ బాగానే దాటింది. మూడోదాని దగ్గర కిందకి చూసింది. కొలనులో అయితే అడుగున నల్లగీత ఉంటుంది, దాన్ని పట్టుకుని పోవచ్చు. ఇక్కడ అడుగే లేదు. ఆకుపచ్చగా మొదలై నల్లగా దిగిపోతోంది. ఊపిరి బిగబట్టింది. తల ఎత్తితే ఒడ్డు లేదు, మంచు ఉంది. ఇక్కడే మునిగిపోతే మాస్టారు ఎవరికి ఫోను చేస్తాడు అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన నీళ్ళకన్నా చల్లగా తగిలింది. చేతులు ఈత మర్చిపోయి నీళ్ళని కొట్టడం మొదలుపెట్టాయి.

"పడవ పట్టుకోండి," అంది ఎవరో పక్కనుంచి. "ఏం ఫర్వాలేదు, పట్టుకోవచ్చు. పోటీ రోజున కూడా పట్టుకోనిస్తారు. పడవ కదలకూడదు, అంతే. ఊపిరి బయటికి వదలండి ముందు. లోపలికి దానంతటదే వస్తుంది."

పళ్ళక్క రెండు చేతులతో పడవ అంచు పట్టుకుంది. గొంతు విన్నప్పుడే తెలిసింది. అయినా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూసింది. పడవలో తెడ్డు పట్టుకుని, గడ్డం దాకా జిప్పు వేసిన చొక్కాలో, కాస్త చిక్కి, కళ్ళ కింద నల్లబడి, చేప.

చేప తెడ్డు ఒళ్ళో పెట్టేసుకుంది. పడవ మెల్లగా అటూ ఇటూ ఊగింది.

"పదేళ్ళు బతిమాలాను కదా వదినా," అంది చివరికి. "మోకాలు దాటి దిగలేదు నువ్వు. ఇప్పుడు నడి సరస్సులో దొరికావు."

అంత మామూలుగా వచ్చింది ఆ పిలుపు. వెతుక్కోలేదు, తడుముకోలేదు. పళ్ళక్క బదులు చెప్పబోయి ఒక గుక్క సరస్సు తాగింది. దగ్గు ఆగేదాకా చేప ఆవిడ మణికట్టు పట్టుకునే ఉంది.

ఆ తర్వాత మిగిలిన చుట్టు ఎలా ఈదిందో పళ్ళక్కకి గుర్తులేదు. తల తిప్పిన ప్రతిసారీ పక్కన పడవ ఉంది. ఒక్కోసారి తెడ్డు, ఒక్కోసారి మోచెయ్యి, ఒక్కోసారి నవ్వు. ఒడ్డుకి చేరేసరికి మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, విషయం గ్రహించి, సైకిలు దారి ఎలా ఉందో చూసొస్తానని మోకాళ్ళ నొప్పితోనే లేచిపోయాడు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. చేప ఆవిడ సూటు జిప్పు లాగి, భుజాల మీద తువ్వాలు కప్పి, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది.

"ఎందుకు ఫోను చెయ్యలేదే?" అంది పళ్ళక్క.

"నువ్వు చేస్తావనుకున్నా. నేను చేస్తే, అన్నయ్య తరఫున రాయబారానికి వచ్చిందనుకుంటావేమోనని. తర్వాత ఆలస్యమైపోయింది. అంత ఆలస్యం అయ్యాక ఏం చెప్పి మొదలుపెట్టాలో తెలీలేదు."

"నాకూ అంతే."

"మనిద్దరికీ బుద్ధి లేదు," అంది చేప. ఇద్దరూ నవ్వారు. పళ్ళక్క తన నవ్వు తనే విని ఆశ్చర్యపోయింది. అది చాలాకాలంగా వాడని గదిలో తలుపు తీసిన చప్పుడులా ఉంది.

టీ సగం తాగాక, ఎదురుగా నీళ్ళు చూస్తూ, అడగనా వద్దా అనుకుంటూ అడిగింది. "పోటీ రోజున పడవలో నువ్వే ఉంటావా?"

"ఉండను."

పళ్ళక్క తల ఊపింది. అవును మరి, ఎందుకుండాలి? ఎవరి పనులు వాళ్ళవి.

"పడవలో ఉండను," అంది చేప. "నీళ్ళల్లో ఉంటాను. నేనూ పేరిచ్చాను."

పళ్ళక్క గభాలున తిరిగింది. ఏదో అనబోయింది. చేప మొహంలో ఉండాల్సిన సంతోషం లేకపోవడం చూసి ఆగిపోయింది.

"ఒక మాట చెప్పాలి వదినా. నేను ఈ పడవ సరదాకి నడపడంలేదు. పోయినేడు ఈదుతుంటే కళ్ళు తిరిగాయి. గుండె లయ తప్పుతోందట. ఎప్పుడు తప్పుతుందో చెప్పలేమన్నాడు డాక్టరు. ఈత మానెయ్యమన్నాడు, కారు కూడా నడపొద్దన్నాడు. సంఘంవాళ్ళకి చెవి నొప్పని చెప్పాను. జబ్బు సంగతి అన్నయ్యకి తెలుసు. పేరిచ్చిన సంగతి ఎవరికీ తెలీదు."

"మతి పోయిందా నీకు?"

"ఏమో. ఏడాదిగా ఒడ్డున కూర్చున్నాను. ఇంకోళ్ళని కాపలా కాస్తున్నాను. గుండె లయ ఎప్పుడో ఒకసారే తప్పుతోంది, నేను మాత్రం రోజూ చస్తున్నాను." చేప గొంతు పెంచలేదు. "గట్టిగా ఈదను. గెలవక్కర్లేదు నాకు. నువ్వు నిదానం కదా, నీ పక్కనే నీతోపాటు వస్తాను. ఏమైనా అయితే నువ్వు చెయ్యెత్తు, పడవలొస్తాయి. నువ్వీ దారి ఎంచుకో వదినా. నువ్వు రాకపోయినా నేను దిగుతాను. అప్పుడు పక్కన ఎవరూ ఉండరు."

పళ్ళక్క చేతిలో టీ చల్లారిపోయింది. ఇన్నేళ్ళుగా ఆవిడ ఏ మాట కోసం మొహం వాచి ఉందో, నా పక్కన ఉండు అన్న ఆ మాట ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు. ఇలా అడిగారు. ఔనంటే ఈ పిల్లని తనే చేయిపట్టి నీళ్ళలోకి దించినట్టు. కాదంటే మళ్ళీ ఆ గది, ఆ బల్ల, ఆ ప్లాస్టర్ దవడలు. పైగా ఈ పిల్ల ఒంటరిగా దిగుతుంది. మొండిది, దిగి తీరుతుంది.

పై మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చేప వెనక్కి తిరిగి చూసి, మొహం సర్దుకుంది.

"అన్నయ్య నన్ను తీసుకెళ్ళడానికొచ్చాడు," అంది గొంతు తగ్గించి. "చెప్పకు."

పళ్ళక్కకి మనసులో ఆయన అతనుగా మారి ఆరేళ్ళయింది. చెవుల దగ్గర నెరిసింది, నడక మాత్రం మారలేదు, మెట్టుకి కుడికాలే ముందు పెడుతున్నాడు. ఆవిణ్ణి చూసి మధ్యలో ఆగిపోయాడు. తడిసిన జుట్టునీ, నడుము దాకా విప్పిన రబ్బరు సూటునీ నమ్మలేనట్టు చూశాడు.

"నువ్వు ఈదావా?" అన్నాడు.

"ఊఁ."

చెల్లెలి వైపు చూశాడు, మళ్ళీ ఆవిడ వైపు. కిందికి దిగొచ్చి, రెండు మెట్లు పైనే నిలబడ్డాడు.

"నిన్నేదైనా అడిగే హక్కు నాకు లేదు. తెలుసు. కానీ ఇది నాతో నిజం చెప్పదు. చిన్నప్పట్నుంచీ ఏదున్నా నీకే చెప్పుకునేది." గొంతు సవరించుకున్నాడు. "మొన్న దీని గదిలో కొత్త ఈత సూటు చూశాను. అడిగితే ఎవరో స్నేహితురాలిదంది. ఇది ఆ పోటీకి గానీ పేరిచ్చిందా?"

తువ్వాలు కింద చేప వేళ్ళు పళ్ళక్క చేతిని వెతుక్కుని గట్టిగా పట్టుకున్నాయి. ఆ వేళ్ళు ఈదినవాళ్ళ వేళ్ళకన్నా చల్లగా ఉన్నాయి. పళ్ళక్క మొహంలోకి చూడలేదు చేప, సరస్సు కేసే చూస్తోంది.

మంచు విడిపోతోంది. అటు రోడ్డు మీంచి మాస్టారు కుంటుకుంటూ వస్తూ, దూరం నుంచే, "చదునుగా ఉందమ్మా దారి, అరచెయ్యిలా ఉంది. ఇంతకీ ఏం తేల్చుకున్నావు?" అని అడిగాడు.

పళ్ళక్క టీ కప్పు మెట్టు మీద పెట్టింది. తన చేతిని పట్టుకున్న వేళ్ళని మరో చేత్తో ఒక్కసారి నొక్కి, ఒక్కొక్కటిగా విడదీసింది.

"కూర్చోండి," అంది అతనితో. "చెబుతాను."